గేటు మీది బోర్డు

చిరంజీవి సారంగపాణికి, స్వామి దయవల్ల అందరం కులాసా. ఫోన్లో అయితే కోప్పడతావని కార్డు రాస్తున్నాను.

మంగళవారం ఉదయం నేను తులసికి నీళ్ళు పోస్తున్నాను. మా వేదిక డిగ్రీ పరీక్షకు చరిత్ర పాఠం పైకి చదువుతోంది. అమెరికాలో ఫ్యాక్టరీలు లేచిన కాలంలో, ఓడలెక్కి వచ్చిన కూలీలకు గదులు లేవని కొందరు బోర్డులు పెట్టేవారట. అంతలో బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేరిన ముగ్గురు ఒరియా ఆడపిల్లలు గేటు దగ్గర నిలబడి, మన అద్దె బోర్డులో ఏముందని అడిగారు. ‘శాకాహారులకు మాత్రమే’ అని వేదిక చదివింది. “సరేమ్మా, మేము చేప తింటాం” అని సంచులెత్తుకున్నారు.

“మన బోర్డు కూడా పాఠంలోకి ఎక్కిందిమా” అంది వేదిక. నాకు పూజలో మనసు నిలవలేదు. వీధి చివరిదాకా పోయి, సాయంత్రం రమ్మని వాళ్ళకు చెప్పి వచ్చాను.

“చేపలు వండితే మన మడి ఏం గావాల?” అన్నారు మీ బావ.

“పెరట్లో వండుకుంటారులే నాయనా, నువ్వు ముక్కు మూసుకో” అంది వేదిక.

మరదలి మోకాలి నొప్పి తగ్గిందా? మన నాయన ఆబ్దికానికి తప్పక రండి. మా గదిలోనే పడుకుందురు, ఎందుకంటే ఖాళీగా ఉన్నప్పుడు నువ్వు దిగే పోర్షన్ ఆ పిల్లలకే ఇవ్వాలని సాయంత్రం నిర్ణయించాం. బోర్డు నీ చేతిరాత గనుక పారేయలేదు. తిప్పి కట్టి, వాళ్ళ ఉత్తరాలు దారి తప్పకుండా వెనకవైపు ముగ్గురి పేర్లూ రాయించాం.

ఆశీస్సులతో, అక్క కుముదవల్లి.