టెస్టులు బంద్

18 సెప్టెంబర్ 2011, ఆదివారం

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై వారం కావస్తోంది. సిద్దిపేటంతా బంద్. నేను పాఠాలు చెప్పే కంప్యూటర్ సెంటర్‌కూ తాళం. నేను మాత్రం పనిలో ఉన్నాను. జీతం లేదు, బాస్ లేడు, అయినా పనే. మా అన్న నాగేశ్ సర్కారు బడిలో టీచర్, సమ్మెలో ఉన్నాడు. తెలంగాణ మొత్తం పని బంద్ వెట్టింది, నువ్వొక్కదానివే సమ్మె చెడగొడుతున్నవ్, సమ్మె నడిపే జేఏసీకి చెప్త అని ఏడిపిస్తున్నాడు. చెప్పుకో పో అన్నాను.

ఈ పని జావేద్ భాయి కోసం. అన్నకు చిన్నప్పటి దోస్తు, రెండు గల్లీల అవతల ఇల్లు. చూపు లేదు. లాప్‌టాప్‌లో లినక్స్ వేసుకుని తెలుగు పేపర్ల సైట్లు చదివించుకుని వినేవాడు. మొన్న కొత్త వెర్షన్ వేయగానే తెలుగు గొంతు పడిపోయింది. ఇప్పుడు వార్త తెలియాలంటే ఎవరినో బతిమాలాలి. వాళ్లకు నచ్చిందే చదువుతరు చెల్లే, మిగిలింది ఎగబెడుతరు అని మొత్తుకున్నాడు.

ఆ గొంతుకు పైథాన్ లైబ్రరీ ఒకటుంది. దాన్ని ఎవరైనా సులువుగా వేసుకునేలా ప్యాకేజీగా కట్టి, ఆయన వాడే లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌లో చేర్పించాలి. నా మొదటి ప్యాకేజీ. ఇరవై ఆరున ఫ్రీజ్, ఆ తర్వాత కొత్తవేవీ తీసుకోరు. దాటితే ఇంకో ఆర్నెల్లు ఆగాలి.

20 సెప్టెంబర్

కోడ్‌తో పాటు, అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే టెస్టులూ వస్తాయి. ప్యాకేజీ కట్టిన ప్రతిసారీ అవి రన్ కావాలి. ఆ టెస్టులు నడవడానికి వేరే లైబ్రరీలు కావాలట. వినేవాడికి వాటితో పనే లేదు, ఉత్త పరీక్షకే. ఒకటి కవరేజ్, అంటే టెస్టులు కోడ్‌లో ఎంత భాగాన్ని చూశాయో లెక్క చూపించేది, తీసేశాను. రెండోది మా డిస్ట్రిబ్యూషన్‌లో అసలు లేదు. సరే, దాన్నీ కడదామంటే దాని టెస్టులకు మూడోది కావాలంది. ఇదెక్కడి గోలరా నాయనా!

డిస్ట్రిబ్యూషన్ తరఫున నా పని సరిచూసే మెంటర్‌కు మెయిల్ పెట్టాను. కవరేజ్ తీసేయడం సబబే, రెండోది లేకుండా టెస్టులే నడవవు కాబట్టి ముందు దాన్ని కట్టు, మొత్తం టెస్టులు మాత్రం ఆపకు అని రాశాడు. ఆయనకేం, ఆయన ఊళ్లో కరెంటుంది.

21 సెప్టెంబర్

బొగ్గు గనులూ సమ్మెలోనే. కరెంట్ వచ్చింది, పోయింది, వచ్చింది, పోయింది.

22 సెప్టెంబర్

ఆపేశాను. టెస్టుల లైన్‌ను కంప్యూటర్ దాటేసి పోయేలా దాని ముందు హ్యాష్ గుర్తు పెట్టాను, అంతే, బిల్డ్ జామ్మని అయిపోయింది. టెస్టులు కూడా సమ్మెలో ఉన్నాయని అన్నకు చెబితే పడీ పడీ నవ్వాడు. మెంటర్‌కు ఇంకా పంపలేదు. ఏం మొహం పెట్టుకుని పంపను?

పెన్ డ్రైవ్‌లో వేసుకుని పోయి జావేద్ భాయికి పెట్టి వచ్చాను. గొంతు పలకగానే ఆయన ముఖం చేటంతయింది. అక్కడక్కడ మాట కొస మింగుతున్నది చెల్లే, అయినా పర్వాలేదు, మనోళ్లు మాట్లాడినట్టే ఉన్నది అన్నాడు. తర్వాత చూద్దాంలే అన్నాను.

24 సెప్టెంబర్, పొద్దున

రైల్ రోకో. అన్న తోటి సార్లతో సికింద్రాబాద్ వైపు పోయాడు. మా అవ్వ వద్దంది, కన్నతల్లి కదా. పట్టాల మీద కూసుంటం, గంతే గదనే అవ్వా అని పోయాడు.

24 సెప్టెంబర్, సాయంత్రం 7



మధ్యాహ్నం జావేద్ భాయి గోడలు పట్టుకుంటూ వచ్చాడు. కర్ర కూడా తెచ్చుకోలేదు. డేటా కార్డు పెట్టి వార్తలు వింటుంటే ఆ గొంతు చెప్పిందట. తోపులాటలో సిద్దిపేట టీచర్ నాగేశ్ తలకు దెబ్బ, ప్రాణాపాయం, డాక్టర్లు చెప్పారు అని. రెండుసార్లు విన్న చెల్లే, రెండుసార్లు గట్లనే చెప్పింది అని ఏడ్చాడు.

అవ్వ కూలబడింది. అన్న ఫోన్ కలవదు. వెంట పోయిన సార్ల ఫోన్లూ కలవవు. ఇంట్లో కరెంట్ లేదు. జావేద్ భాయి ఇంటికి ఉరికితే లాప్‌టాప్ బ్యాటరీ అయిపోయి ఉంది. బజారుకు ఉరికి నెట్ సెంటర్ పోశయ్య కాళ్లావేళ్లా పడితే, సగం షటర్ లేపి యూపీఎస్ మీద ఒక్క సిస్టం వేశాడు.

పేజీ తెరుచుకుంది. ప్రాణాపాయంలేదని డాక్టర్లు చెప్పారు.

లేదని! మధ్యలో జాగ వదలకుండా ఒకే మాటగా వేశారు. మాట పొడుగైంది, నేను కట్టిన గొంతు దాని కొస మింగేసింది. మన భాషలో ఉన్నదో లేదో తెలిసేదే కొసన. నాకు ఆ కొస ఉత్త చిన్న విషయమైంది.

ఇంటికొస్తే అవ్వ కనబడలేదు. జావేద్ భాయి గడపలో కూర్చుని, ఆపిన చెల్లే, చెయ్యి ఇడిపిచ్చుకొని పోయింది అంటున్నాడు. బస్సుల్లేవు, ఆటోల్లేవు. పోశయ్య బండి మీద హైదరాబాద్ రోడ్డు పట్టుకుని పోయాం. ఊరు దాటాక దుద్దెడ దారిలో దొరికింది. చెప్పుల్లేకుండా నడుస్తోంది. అన్న బాగనే ఉన్నడే అవ్వా అని అరిచాను. నమ్మదే! నన్ను మర్లగొట్టనీకి అబద్ధమాడుతున్నవ్ అని నన్నే తోసేసింది. ఎవరిదో ఫోన్ అడుక్కుని అన్నే నాకు ఫోన్ చేశాడు, ఆ గొంతు వినేదాకా అవ్వ రోడ్డు దిగలేదు.

25 సెప్టెంబర్

అన్న వచ్చాడు. తలకు కుట్లు. రైళ్లను మేం ఆపినం, నన్ను మాత్రం నీ కంప్యూటర్ సంపింది అని నవ్వాడు. అవ్వ నవ్వలేదు.

అవ్వ పాదాల బొబ్బలకు మందు రాసి పనికి కూర్చున్నాను. మూడోదాన్ని కట్టాను, రెండోదాన్ని కట్టాను, హ్యాష్ గుర్తు తీసేశాను. టెస్టులు నడిచాయి. అన్నీ పాస్, ఒక్కటే ఫెయిల్. పొడుగు మాటల టెస్ట్. పది గుర్తులు దాటిన మాటను (ఒత్తూ దీర్ఘమూ సున్నా కూడా కంప్యూటర్‌కు వేర్వేరు గుర్తులే) ముక్కలు చేసి వెంటవెంటనే పలకాలి. కొత్త పైథాన్‌లో రెండో ముక్క జారిపోతోంది. లైబ్రరీ రాసినాయన ముందే భయపడి ఆ టెస్ట్ పెట్టాడు. దాని నోరు నొక్కింది నేను. సరిచేయడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ రోజే చేసి ఉంటే అయిపోయేది.

26 సెప్టెంబర్

టెస్టులతో సహా పంపాను. మెంటర్ ఒప్పుకున్నాడు. ఫ్రీజ్‌కు ముందే చేరింది.

పెన్ డ్రైవ్ పట్టుకుని జావేద్ భాయి దగ్గరికి పోయాను. తప్పు నీది కాదు భాయ్, నాది, ఇప్పుడు బాగైంది అన్నాను. కానియ్ చెల్లే, ఆడ పెట్టి పో అన్నాడు.

1 అక్టోబర్

జావేద్ భాయి పేపర్ కొనుక్కుని మా ఇంటికొచ్చాడు. అవ్వ చదివింది మూడో తరగతి. అరుగు మీద కూర్చుని, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదువుతోంది. ఆయన ప్రతి మాటకూ ఆపి అడుగుతున్నాడు, అయిపోయిందా చిన్నమ్మా, ఇంకేమన్న ఉన్నదా అని.