ఆయనది ఏ పార్టీ

నవంబర్ 1, శనివారం

ఆయన ఫోన్. గొంతులో హుషారు. మిల్లులో రెండో స్టాండ్ — ఇనుమును ఒత్తే రోలర్ల జత — తిరిగిందట. "అది మన స్టాండేనే! మన రైల్ మిల్లుదే. బోర్డు ఒక్కటే తేడా. కళ్ళు మూసుకుని ఇప్పీగలను."

రిటైరయ్యాక రెండేళ్ళు ఇంట్లో కూర్చుని నా వంట మీద ఫోర్‌మన్‌గిరీ చేశారు — పోపు ఆలస్యమైంది, కుక్కర్ ప్రెషర్ చాలలేదు అంటూ. ఇప్పుడు ద్రావ్నియా మీద పడ్డారు. వెళ్ళి ఇరవై రోజులు. ఆరు నెలల కాంట్రాక్టు. ఒకప్పుడు ఆ దేశం వాళ్ళు ఇక్కడికి వచ్చి మనకు మిల్లు నడపడం నేర్పారు. మూతపడ్డ వాళ్ళ మిల్లు తెరవడానికి ఇప్పుడు భిలాయిలోని మా రుఆబాంధా సెక్టార్ నుంచి మా అప్పారావు గారు కావలసి వచ్చారు! ట్రైనింగ్ రోజుల స్నేహితుడు మిహాల్ పిలిచాడు, ఈయన సూట్‌కేస్ సర్దేశారు.

ఇల్లు ప్రశాంతంగా ఉంది. నిజం చెప్పాలంటే, బాగానే ఉంది.

నవంబర్ 3, సోమవారం

ధనియాలు వేయిస్తుంటే ఫోన్. మిల్లు గేటు దగ్గర మూడు బల్లలు వేసుకుని మూడు పార్టీల వాళ్ళు కూర్చున్నారట. వచ్చే ఆదివారం అక్కడ ఎన్నికలు. ప్రతి పార్టీకీ మిల్లులో ఒక యూనియన్, ప్రతి యూనియన్‌కీ ఒక సభ్యత్వ కాగితం. పరాయి దేశం మనిషినైనా వదలడం లేదట.

"ఎవుడికి పెట్టమంటావే సంతకం?"

"అందరికీ పెట్టేయండి. ఇక్కడ పెట్టలేదా?" అన్నాను. గరిటె తిప్పుతూనే అన్నాను.

ఇక్కడ ముప్ఫై అయిదేళ్ళు ఆయన చేసింది అదే. ప్లాంట్‌లో యూనియన్ ఎన్నికలంటే ఎర్ర జెండా వాళ్ళు ఇంటికొస్తారు, టీ. నీలం జెండా వాళ్ళొస్తారు, టీ. పసుపు జెండా వాళ్ళకీ టీ. ముగ్గురి కాగితాల మీదా సంతకం. ఎవడు గెలిచినా మనవాడే — షిఫ్ట్ మార్పించుకోవాలన్నా, క్వార్టర్ పైకప్పు కారినా. సెక్టార్‌లో అందరూ చేసేదే, లీడర్లకీ తెలుసు, వాళ్ళే నవ్వుతారు. "సంతకం అందరికీ, ఓటు కడుపులో" — ఇది ఆయన మంత్రం. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఉపదేశం కూడా.

సాయంత్రం మెసేజ్ పెట్టారు. మూడూ అయిపోయాయట. ముగ్గురూ టీ ఇచ్చారట.

నవంబర్ 5

కార్తీక పౌర్ణమి. దీపాలు పెట్టాను. ఆయన వీడియోలో మంచు చూపించారు.

నవంబర్ 7, శుక్రవారం

స్కూలు నుంచి వచ్చి, టెన్త్ వాళ్ళ నోట్‌బుక్కులు దిద్ది, బీరువాలోంచి మిహాల్ పాత ఉత్తరాలు తీశాను. సోషల్ టీచర్‌ని కదా, ఎన్నికలంటే ఊరుకోలేను. ఇన్నేళ్ళూ ఆయన నచ్చిన ముక్కలు చదివి వినిపిస్తే విని ఊరుకున్నవే. ఈసారి వరసగా నేనే చదివాను.

ముందు అక్కడ ఒక్కటే పార్టీ. శ్రామిక పార్టీ. మిల్లు దానిదే, రొట్టె దానిదే, మిహాల్ ఇంటి తాళం చెవి దానిదే. ఒక చలికాలం జనం చౌరస్తాలో నిలబడ్డారు. తొమ్మిది రోజులు కదల్లేదు. పదో రోజుకి పార్టీ లేదు. ఆ ఉత్తరంలో మిహాల్ 'గెలిచాం' అని మూడుసార్లు రాశాడు.

పార్టీ ఆఫీసు మూడంతస్తుల మేడ. కింది అంతస్తు పాతవాళ్ళు ఉంచుకున్నారు. బోర్డు మార్చి 'ఐక్యత' అన్నారు. పెన్షనర్లు, మిల్లు మనుషులు వాళ్ళ వెంట. పై అంతస్తు ప్రొఫెసర్లకీ కుర్రకారుకీ — 'కొత్త ఉదయం'. మొదటి ప్రభుత్వం వీళ్ళదే, మిల్లు అమ్మేసిందీ వీళ్ళే. మధ్య అంతస్తులో సైన్యం నుంచీ పోలీసుల నుంచీ వచ్చినవాళ్ళు — 'మాతృభూమి'. ఇప్పటి అధ్యక్షుడు వీళ్ళవాడు. కింద పుట్టి, పైకి ఎక్కి, మధ్యలో స్థిరపడ్డాడని మిహాల్ ఎద్దేవా. మూడు పార్టీలకీ మెట్లు మాత్రం ఇప్పటికీ అవే.

నవ్వుకుంటూ చదివాను. తర్వాతి ఉత్తరం దగ్గర నవ్వు ఆగిపోయింది.

మాతృభూమి అధికారంలోకి వచ్చిన ఏడాది మిహాల్ తమ్ముణ్ణి తీసుకెళ్ళారు. ఏ గొడవలోనూ లేడు. కొత్త ఉదయం సభ్యుల జాబితాలో పేరుంది, అంతే. ఆ తర్వాత ఏ ఉత్తరంలోనూ తమ్ముడి మాట లేదు. వెనక్కి తిప్పి మళ్ళీ వెతికాను. లేదు.

అక్కడ సంతకం అంటే ఏమిటో నా బీరువాలోనే రాసి ఉంది. చదవకుండా చెప్పాను.

నవంబర్ 8

"ఆ సంతకాలు వెనక్కి తీసుకోండి" అన్నాను. నవ్వారు. "పంచీసిన పెసాదం వెనక్కి అడుగుతారేటే?"

నవంబర్ 9, ఆదివారం

అక్కడ పోలింగ్. ఇక్కడ నేను ఏమీ తినలేదు. ఉపవాసం అనుకున్నారు పక్కింటివాళ్ళు.

నవంబర్ 10

మాతృభూమి గెలిచామంది. కొత్త ఉదయం కూడా గెలిచామంది. ఐక్యత — ఎవరు కుర్చీ వేస్తే వాళ్ళ పక్కన కూర్చుంటానంది.

నవంబర్ 11, మంగళవారం

రాజధానిలో సైన్యం. ఎమర్జెన్సీ. మన టీవీలో అర నిమిషం చూపించి క్రికెట్‌కి వెళ్ళిపోయారు.

నవంబర్ 12

ఫోన్ లేదు.

నవంబర్ 13

ఫోన్ లేదు. స్కూల్లో రాజకీయ పార్టీల పాఠం. ముందు బెంచీ అమ్మాయి లేచి, "మేడమ్, ఏక్ ఆద్మీ దో పార్టీ మే రహ్ సక్తా హై క్యా?" అని అడిగింది. ఒక మనిషి రెండు పార్టీల్లో ఉండొచ్చా అని. రేపు చెబుతాను అన్నాను. బోర్డు వైపు తిరిగి, గంట కొట్టేదాకా తారీఖు తుడుస్తూ, రాస్తూ నిలబడ్డాను.

నవంబర్ 14, శుక్రవారం

మిహాల్ వాయిస్ మెసేజ్. భిలాయిలో నేర్చుకున్న హిందీ ఇంకా మరచిపోలేదు. గుసగుసగా మాట్లాడాడు. వెనకాల కుళాయి తిప్పి ఉంచినట్టుంది.

"భాభీ, సునో. అప్పా కో లే గయే."

ఆయన్ని తీసుకుపోయారు. కొత్తగా ఒక ఆర్డరు వచ్చిందట — మిల్లులన్నిట్లో సభ్యత్వ కాగితాలు స్వాధీనం చేసుకోమని. ఆయన పనిచేసే గోర్నిత్సా మిల్లులో మూడు జాబితాలూ ఒకే బల్ల మీద పరిచారట. "తీనోఁ లిస్ట్ మే ఏక్ హీ నామ్ హై, భాభీ."

మూడిట్లోనూ ఉన్న పేరు ఒక్కటే. ఆ దేశంలో ఎవరూ రెండు చోట్ల పెట్టరు. పసిపిల్లలకి కూడా తెలుసు. మా ఆయనకి తట్టలేదు. నాకు తట్టాలి, సమయానికి తట్టలేదు.

రాయపూర్‌లో ఉన్న మా అమ్మాయి సోనూకి ఫోన్ చేశాను.

నవంబర్ 15, శనివారం

రాయపూర్ నుంచి సోనూ వచ్చింది. వచ్చీరాగానే లాప్‌టాప్ తెరిచింది. ద్రావ్నియాలో మన ఎంబసీ లేదు, పక్క దేశంలో ఉన్నదే దీన్ని కూడా చూస్తుంది. మాట్లాడినాయన మర్యాదగానే మాట్లాడాడు, వివరాలన్నీ రాసుకున్నాడు. "ఆయనకు ఏదైనా రాజకీయ పార్టీతో సంబంధం ఉందా?" అని అడిగాడు. సోనూ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

"టెన్షన్ మత్ లో మమ్మీ. పాపా వస్తారు."

అప్పుడు చెప్పాను. నేనే పెట్టమన్నానని, ధనియాలు వేయిస్తూ పెట్టమన్నానని. అది నన్ను తిట్టినా బాగుండేది. తిన్న కంచం తీసి కడిగింది, నా కంచం కూడా కడిగింది.

నవంబర్ 16, ఆదివారం

ఫోన్ వచ్చింది! రెండు నిమిషాలు. పక్కన ఎవరో ఉన్నారు, ఊపిరి వినిపిస్తోంది.

"బాగున్నాను. తిండి పెడతన్నారు. ఇనవే, టైం లేదు. ఒకటే అడుగుతన్నారు — మూడిట్లో ఏది నీది అని. ఒక్కటి రాసి సంతకం పెట్టాలట. బుధవారం దాకా గడువిచ్చారు."

"ఏదీ కాదని చెప్పండి."

"సెప్పీసాను. ఏదీ కాకండా మూడిట్లో దూరినోణ్ణి గూఢచారంటాం అన్నాడు."

ఊపిరి. ఆయనదో, పక్కవాడిదో.

"నువ్వు సోషల్ టీచరువి గదా. ఏది రాయమంటావే?"

బుధవారం మళ్ళీ ఫోన్ చేయనిస్తారట. కట్ అయింది. ఆరోజు గేటు దగ్గర అడిగిన ప్రశ్నే.

నవంబర్ 17, సోమవారం

సెలవు పెట్టాను. సోనూ రాయపూర్ వెళ్ళింది, వెళ్ళనన్నా నేనే పంపాను. కాగితం మీద మూడు గడులు గీశాను.

మాతృభూమి అని రాస్తే — ఇవాళ జైలు వాళ్ళ చేతిలో ఉంది. వదిలేయొచ్చు. కానీ మిహాల్ చెప్పాడు, గోర్నిత్సా మునిసిపాలిటీ మీద అప్పుడే కొత్త ఉదయం జెండా ఎగురుతోందని. బుధవారానికి జైలు ఎవరిదో? కొత్త ఉదయం అని రాస్తే — ఇవాళే అయిపోతుంది. మిహాల్ తమ్ముడి గతే. ఐక్యత అని రాస్తే — వాళ్ళు ఎవరి పక్కన కూర్చుంటారో వాళ్ళకే తెలియదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఇక్కడ పాములు రెండు, కప్ప నా మొగుడు.

ఇరవై ఆరేళ్ళు పిల్లల చేత 'ఖాళీలను పూరింపుము' రాయించాను. తప్పు రాస్తే అరమార్కు కోసేదాన్ని.

నవంబర్ 18, మంగళవారం

విషయం ప్లాంట్‌లో పాకింది. పొద్దున్నే చిన్నారావు వచ్చాడు, ఎర్ర జెండా లీడరు, మా వెనక వీధే.

"వదినా, ఏటిది? మాకు సెప్పొద్దా? అన్నయ్య మా మడిసి. ఇరవయ్యేళ్ళ బట్టి మా మెంబరు. రేపు గేటు దగ్గిర ధర్నా సేత్తాం. ఇందులో ఓ సంతకం పెట్టీ."

మా యూనియన్ సభ్యుణ్ణి విడిపించండి అని ఆ కాగితం. సాక్ష్యానికి ఆయన సభ్యత్వ ఫారం జెరాక్స్ జత చేశాడు. అలవాటుగా పెన్ను తీసుకున్నాను. తీసుకుని ఆగిపోయాను.

పదకొండుకి నీలం జెండా తివారీ. "భాభీజీ, అప్పారావ్ తో హమారే ఆద్మీ హైఁ." వాళ్ళ మనిషేనట. జెరాక్స్ తెచ్చాడు. మధ్యాహ్నం పసుపు జెండా వాళ్ళు. వాళ్ళ మనిషేనట. జెరాక్స్.

మూడు కాగితాలు నా బల్ల మీద పక్కపక్కన. ఒకే వాలు సంతకం, చివర ఒకే తోక. అక్కడి బల్ల మీద కూడా ఇలాగే ఉండి ఉంటాయి. చూస్తుంటే నాకే ఆయన మీద అనుమానం వచ్చింది. ఒక్క క్షణమే. నా మీద నాకే అసహ్యం వేసింది.

అప్పుడు తట్టింది — ఇదే సాక్ష్యం కదా! ఈ మనిషి ఎక్కడికి వెళ్ళినా ఇంతే, ఇది మా ఊరి మర్యాద, గూఢచర్యం కాదు అని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

చిన్నారావుని మళ్ళీ పిలిచాను. అన్నయ్య మూడు యూనియన్లలోనూ సంతకం పెట్టేవాడు, అది మా ముగ్గురికీ తెలుసు అని ఒక్క కాగితం మీద ముగ్గురూ రాసివ్వండి అన్నాను. తల గోక్కున్నాడు.

"తెలుసు వదినా. తెలవకేటి? కానీ కాగితం మీద ఎలాగ రాత్తాం? మా మెంబరు ఆళ్ళ మెంబరని మేమే రాసిత్తే, వచ్చే నెల మన యూనియన్ ఎలచ్చన్లో ఏటవుతాది?"

"మీ అన్నయ్య జైల్లో ఉన్నాడు చిన్నారావ్."

టీ చల్లారింది. చివరికి రాశాడు, సంతకం పెట్టాడు, నా ముఖం చూడకుండా వెళ్ళిపోయాడు. కాగితం పట్టుకుని మిగతా ఇద్దరి ఇళ్ళకీ నడిచి వెళ్ళాను. తివారీ ఆలోచిస్తానన్నాడు. పసుపు జెండా ఆయన ఇంట్లో లేడన్నారు. చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి.

నవంబర్ 19, బుధవారం

ఉదయం మూడు ఫారాలనూ చిన్నారావు కాగితాన్నీ ఫోటో తీశాను. మిహాల్‌కి పంపితే విచారణ అధికారికి చేరుస్తాడు. పంపే ముందు బొటనవేలు ఆగిపోయింది. నేను మర్యాద అనుకుంటున్నదాన్ని వాళ్ళు వేరేలా చదివితే? ముప్ఫై అయిదేళ్ళుగా ఇదే పనిలో ఆరితేరినవాడు అని చదివితే? పదకొండింటికి పంపాను. అక్కడ ఏడున్నర.

పన్నెండు దాటాక ఫోన్.

"ఏటి రాయమంటావే?"

రాత్రంతా వల్లె వేసుకున్న మూడు పేర్లనూ పక్కన పెట్టాను.

"ఉన్నదే రాయండి. నాకు పార్టీ లేదు, మా ఆవిడ పెట్టమంది, మూడూ పెట్టాను అని రాయండి."

"నీ పేరు రాయనా?"

"రాయండి."

"వద్దే. నువ్వు..."

"నా పేరు రాయండి. ఊరి పేరు కూడా."

పక్కనున్నవాడు ఏదో అడిగాడు. ఈయన నా పేరు చెప్పారు, ఇంటి పేరుతో సహా, నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరం. పెన్ను గీరుతున్న చప్పుడు విన్నాను. లైను పోయింది.

ఇప్పుడు సాయంత్రం ఆరు. మిహాల్ ఫొటోలు చూసినట్టు రెండు నీలం గుర్తులు ఉన్నాయి, జవాబు లేదు. తివారీ రాలేదు. భయంగా ఉంది. ఇన్ని రోజులూ ఆయన కోసం భయం. ఇవాళ నుంచి ఆ దేశంలో ఒక కాగితం మీద నా పేరు కూడా ఉంది. ఏ జాబితాలో పెట్టారో తెలియదు.