గుట్టకి కొమ్ము

ప్రియమైన మీకు,

నా రాత చూసి నవ్వుకోకండి. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయని నాకూ తెలుసు. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఒత్తు ఎక్కడ పెట్టాలో, కొమ్ము ఎక్కడ పెట్టాలో ఎప్పుడూ అనుమానమే. తప్పులుంటే మీరే సరిచేసుకుని చదవండి. చదివాక పొయ్యిలో వేసేయండి. మీ పక్క మంచం ఆయన కంటపడితే నేను సిగ్గుతో చచ్చిపోతాను.

పెళ్ళయి ఏడు నెలలైంది. అందులో మీరు ఇంట్లో ఉన్నది ఇరవై రెండు రోజులు. ఆ రోజుల్లో "వడ్డించనా", "తలుపు వేయనా" తప్ప మీతో నేను ఏం మాట్లాడానో గుర్తు చేసుకుంటే ఏమీ గుర్తు రావడం లేదు. కాగితం మీద అయితే మీరు నా మొహం చూడరు కాబట్టి కాస్త ధైర్యంగా ఉంది.

మీ ఉత్తరం అత్తయ్యకి చదివి వినిపించాను. బుల్డోజర్ నడుపుతున్నారంటే రోడ్డు వేస్తున్నారనుకుందట ఆవిడ. గోల్ఫ్ ఆడే మైదానం అని చెప్పాను. బంతిని కర్రతో కొట్టి గుంటలో వేయాలట అన్నాను.

"గుంటలో వేయడానికి అంత నేల ఎందుకే? మన మెట్ల కింద ఒకటి తవ్వుకుంటే సరిపోదూ?" అంది.

"పద్దెనిమిది గుంటలట అత్తయ్యా."

"ఒకదాంట్లో వేయడం చేతకాకే అన్ని తవ్వి ఉంటారు."

మీరు రాసిన గుట్ట సంగతి కూడా చెప్పాను. ఆ గుట్ట కింద నిలబడి బంతిని పైకి కొట్టాలని, జెండా కొస తప్ప ఇంకేమీ కనపడదని, యజమాని గుట్ట తవ్వేయమంటుంటే ప్లాను గీసే పెద్దాయన వద్దంటున్నాడని, మధ్యలో మీరు బండి ఆపుకుని కూర్చున్నారని. "వాడికి కూర్చునే పని దొరికిందన్నమాట" అని సంతోషపడింది.

ఉత్తరం చివర మీరు రాసిన వాక్యం మాత్రం చదవలేదు. దగ్గు వచ్చినట్టు నటించి కాగితం మడిచేశాను. పని అయ్యాక ఆ మైదానం చూసుకోవడానికి మిమ్మల్నే ఉంచుతారని, గుట్ట మీద రెండు గదుల ఇల్లు ఇస్తారని, అమ్మని తీసుకుని నువ్వు వస్తావా అని అడిగారు. దానికి జవాబు తరవాత రాస్తాను.

పొయ్యిలో వేయడం మరచిపోకండి.

ఇట్లు,
మీ భార్య

*

ప్రియమైన బొత్తాం,

ఈ పేరు ఎందుకంటే, ఆ ఇరవై రెండు రోజులూ నువ్వు చొక్కాలకి బొత్తాలు కుడుతూ తల ఎత్తలేదు. నీ పాపిట తప్ప నేనేం చూశాను? ఇప్పుడు కళ్ళు మూసుకుంటే అదే కనిపిస్తుంది.

గుట్ట సంగతి ఇంకా తేలలేదు. నీకు అర్థమయ్యేలా రాస్తాను. పద్దెనిమిది గుంటల్లో నాలుగు పొట్టివి. పొట్టి గుంట అంటే ఒక్క దెబ్బకే బంతి జెండా దగ్గరికి చేరాలి. మూడు చోట్ల ఎత్తు నుంచి కిందికి కొడతారు. నాలుగోది మాత్రమే పైకి. ప్లాను గీసే పెద్దాయనని మేమంతా గీతలాయన అంటాం. యజమాని వచ్చినప్పుడల్లా ఇద్దరికీ అక్కడే గొడవ.

"దూరం నుంచి ఆడటానికి వచ్చినవాడికి తన బంతి ఎక్కడ పడిందో కనపడొద్దా? పైగా ఆ ఎక్కుడొకటి! గుట్ట తీయించండి, చెరువు పెట్టండి, అందంగా ఉంటుంది" అంటాడు యజమాని.

"కిందికి కొట్టేచోట అందమంతా కొట్టకముందే అయిపోతుంది. ఇక్కడ కొట్టాక మొదలవుతుంది" అంటాడు గీతలాయన. "పొడుగు గుంటని పైకి పెడితే పగ తీర్చుకున్నట్టు. ఇది పొట్టిది, ఆయాసం వచ్చేలోపు పైన ఉంటాం. ఎక్కితేనే కదా అవతల లోయంతా కనపడేది. తరవాతి గుంటకి అక్కడి నుంచే కొట్టాలి."

"నాకు ఆయాసం ఇక్కడే వస్తోంది" అంటాడు యజమాని. ఆయన కాస్త లావు.

తెల్లవారి పొగమంచు దిగినప్పుడు నువ్వు చూడాలి బొత్తాం. గుట్టే కనపడదు. పైన జెండా ఒక్కటి, దేనికీ గుచ్చకుండా ఊరికే ఆకాశంలో నిలబడి ఉంటుంది. నేను బండి ఆపుకుని అదే చూస్తుంటాను.

నీ దగ్గర దాచడం ఎందుకు, గుట్ట పోతే దాని మీద ఇల్లు కూడా పోతుంది. నన్ను ఇంకో చోటికి, ఇంకా దూరానికి పంపుతారు. అక్కడ డేరాలే. నెలాఖరుకి యజమాని ఏదో ఒకటి తేలుస్తానన్నాడు. గుట్ట సంగతి నా చేతిలో లేదు. నువ్వు వస్తావా రావా అన్నది ఒక్కటే నాకు తెలియాలి.

నీ,
మట్టిబండి మనిషి

*

ప్రియమైన మీకు,

చేతిరాత ఇంకా అలాగే ఉంది, మన్నించండి. చొక్కాల కింద కాగితం దాచుకుని రాస్తున్నాను.

బొత్తానికి నాలుగు గుంటలుంటాయి కదా. నిన్న సూది గుచ్చుతూ మీ నాలుగు పొట్టి గుంటల గురించే ఆలోచించాను. బొత్తానికి నాలుగూ ఒకేలా ఉండాలి, లేకపోతే నిలవదు. ఆటకి నాలుగూ ఒకేలా ఉంటే ఏం బాగుంటుంది? ఇలా ఆలోచిస్తూ ఒక చొక్కాకి బొత్తాలన్నీ లోపలివైపు కుట్టేశాను. "ఇది తొడుక్కునేవాడు తిరగేసి తొడుక్కోవాలా అమ్మాయ్?" అన్నాడు టైలరు.

ఒక మాట చెప్తాను, నవ్వకూడదు. మన మెట్లు మీకు తెలుసు కదా. కింద టైలరు కొట్టు, పైన మన ఇల్లు. చివరి మలుపు నుంచి మన వరండాకి పదకొండు మెట్లు. రోజూ కొట్టు నుంచి చొక్కాల మూట, నీళ్ళ బిందె రెండూ మోయలేక, ఆ మలుపులో నిలబడి మూటని పైకి విసిరేస్తాను. పడేది కనపడదు. చప్పుడే వినాలి. చాప మీద పడితే మెత్తగా ఉంటుంది. బండ మీద పడితే మూటలోని బొత్తాల డబ్బా మోగుతుంది. అత్తయ్య మీద పడితే అత్తయ్యే మోగుతుంది.

తక్కువ బలంతో విసిరితే మూట పై మెట్టుకి తగిలి దొర్లుకుంటూ నా కాళ్ళ దగ్గరికే వస్తుంది. అంటే అలవాటైన చోటైనా ఏమారకూడదు. కిందినుంచి చూస్తే దగ్గరగానే ఉన్నట్టు ఉంటుంది కానీ ఇంకాస్త గట్టిగా విసరాలి.

అత్తయ్య ఖాళీ సంచిని పైనుంచి కిందికి వేస్తుంది. అది గాలిలో తేలి నా చేతుల్లో పడేదాకా చూస్తూనే ఉంటాను. పట్టుకుంటాను. అంతే, అయిపోతుంది. మూట పైకి వేసినప్పుడు మాత్రం ఆ పదకొండు మెట్లూ ఏదో జరగబోతున్నట్టు ఎక్కుతాను. రోజూ అదే మూట, అదే వరండా. అయినా చివరి మెట్టు మీద తల పైకి వచ్చేసరికి గుండె కొట్టుకుంటుంది.

అందుకని గీతలాయనతో చెప్పండి. గుట్టు తవ్వనివ్వకండి. కనపడకపోయినా గుట్టులో ఏముందో ఎక్కినవాళ్ళకి తెలుస్తుంది.

ఇంకేం రాయను. దీన్నైనా పొయ్యిలో వేయండి. వేయకపోయినా ఎవరికీ చూపించకండి.

మీ,
ఇంటిమనిషి

*

ప్రియమైన బొత్తాం,

తిడతావని తెలిసి రాస్తున్నాను. నీ ఉత్తరం పొయ్యిలో వేయలేదు. మొదటిదీ వేయలేదు. రెండూ నా బండి సీటు కింద రేకు పెట్టెలో ఉన్నాయి.

అంతకన్నా పెద్ద తప్పు చేశాను. నీ మెట్ల సంగతి గీతలాయనకి చదివి వినిపించాను. వింటూ వింటూ పెన్సిలు కింద పెట్టేశాడు. "ముప్పై ఏళ్ళుగా నేను చెప్పలేకపోతున్నది ఇదేనయ్యా. మీ ఆవిడ ఎక్కడ చదువుకుంది?" అన్నాడు. ఐదో తరగతి అంటే నమ్మలేదు. అప్పుడు నీ కాగితం చూపించాను. నువ్వు గుట్ట అని రాయబోయి రెండుచోట్లా గుట్టు అని రాశావు. చివర కొమ్ము ఎక్కువైంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన నవ్వు ఆపి గుట్టకేసి చూశాడు.

"తప్పు కాదయ్యా. దీనికి ఇదే పేరు" అన్నాడు.

ఇప్పుడు పనివాళ్ళందరూ దాన్ని గుట్టు అనే పిలుస్తున్నారు. శనివారం యజమాని వస్తున్నాడు. తవ్వమనే ముందు ఒక్కసారి ఆడి చూడమని గీతలాయన ఒప్పించాడు.

నీ జవాబు ఇంకా రాలేదు. నేను అడిగినదానికి.

నీ,
మట్టిబండి మనిషి

*

ప్రియమైన బొత్తాం,

ఐదు వారాలైంది. పోస్టు సంచి వచ్చినప్పుడల్లా బండి ఆపి దిగుతున్నాను. కోపమొచ్చింది కదూ? నువ్వు నాకు రాసింది నలుగురి నోళ్ళలో పెట్టాను. తప్పే. ఒక్క ముక్క రాయి, తిట్టయినా సరే.

ఆ శనివారం సంగతి చెప్తాను. యజమాని కింద నిలబడి కర్ర ఊపాడు. బంతి లేచింది, జెండా మీదుగా ఆకాశంలోకి వెళ్ళింది, మాయమైంది.

"పడిందా? ఎక్కడ పడింది?" అన్నాడు.

"ఎక్కి చూడాలండీ" అన్నాను.

నాలుగు అడుగులు గొణుక్కుంటూ వేశాడు. తరవాత గొణుగుడు ఆగింది. సగం ఎక్కాక చూస్తే మాకన్నా ముందున్నాడు. చివరి పది అడుగులు, నమ్ముతావో లేదో, పరుగెత్తాడు. బంతి జెండా దగ్గర లేదు. ఎక్కడో అంచున, గడ్డిలో దూరిపోయి ఉంది. ఏమీ బాగాలేని దెబ్బ. ఆయన మాత్రం రొప్పుతూ, చెమట తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

"ఎక్కినంతసేపూ అది గుంటలోనే ఉందనుకున్నానయ్యా" అన్నాడు.

కిందికి దిగి మళ్ళీ కొట్టాడు. గుట్ట ఉంటుంది. కింద చెక్క పలక పాతారు, దాని మీద నీ కొమ్ముతో సహా గుట్టు అని రాయించారు. ఇల్లు కూడా ఉంటుంది. సున్నం వేశాను. ఒక గది కిటికీలోంచి లోయ కనిపిస్తుంది, ఇంకో దాంట్లోంచి జెండా కనిపిస్తుంది. ఏ కిటికీ దగ్గర కూర్చుని కుడతావో తెలియక రెండు చోట్లా స్టూలు వేసి చూస్తున్నాను.

రానంటే రానని రాయి. స్టూళ్ళు తీసేస్తాను.

నీ,
మట్టిబండి మనిషి

*

ప్రియమైన మట్టిబండి మనిషికి,

స్టూళ్ళు తీయకండి.

కోపం వచ్చిన మాట నిజం. మీ ఉత్తరం చదివి మూడు రోజులు అన్నం సహించలేదు. అత్తయ్య నా నుదురు పట్టుకు చూసి "జ్వరం లేదు. మరి మా వాడేం రాశాడు?" అంది. చెప్పలేదు. ఆవిడ ఊరుకుంటుందా! మొన్నటి ఉత్తరం కూడా వచ్చాక, నేను కింద కొట్టులో ఉండగా రెండూ టైలరుని పైకి పిలిచి చదివించుకుంది. మీ అమ్మకి మీరు సరిగ్గా కొడుకే.

నేను పైకి వచ్చేసరికి వరండాలో నిలబడి, "రమ్మని అడిగితే ఐదు వారాలు నోరు మెదపకపోవడమేంటే? వాడు మట్టి మనిషి, నీ మౌనం వాడికేం అర్థమవుతుంది? గట్టిగా చెప్పు" అంది.

"చెప్పేశాను అత్తయ్యా" అన్నాను.

"ఎప్పుడు?"

అప్పుడు ఆవిడకి చెప్పింది మీకూ చెప్తున్నాను. మీ రేకు పెట్టెలోంచి నా మొదటి ఉత్తరం తీయండి. పొయ్యిలో వేయలేదు కదా, మాట వినకపోవడం ఒక్కోసారి మంచిదే. అందులో గుట్ట అని ఎన్నిసార్లు రాశానో చూడండి. ఒక్కదానికైనా చివర కొమ్ము ఉందా? గుట్టకి చివర కొమ్ము ఉండదని నాకు తెలుసు. మా పంతులమ్మ ఆ మాట పలక మీద ఇరవైసార్లు రాయించింది.

రెండో ఉత్తరంలో కొమ్ము నేను కావాలనే పెట్టాను. వస్తానని రాయడానికి చెయ్యి ఆడలేదు. రాసి రాసి కొట్టేశాను. నా గుట్టు తవ్వకండి, ఎక్కి వస్తే అందులో ఏముందో మీకే తెలుస్తుంది అని రాశాను. మీకు అర్థమైతే సరే. అర్థం కాకపోతే, చదువు రాని పిల్ల కదా, కొమ్ము తప్పు పెట్టింది అనుకుంటారు. నా తప్పుల చాటున దాక్కోవచ్చనుకున్నాను. మీరు దాన్ని చెక్క మీద రాయించి మైదానంలో పాతారు! ఆడటానికి వచ్చినవాళ్ళంతా నా గుట్టు ముందు నిలబడి కర్ర ఊపుతారు. ఇన్ని రోజులు ఉత్తరం రాయలేకపోయింది కోపంతో అనుకున్నారా? మొదట కోపమే. తరవాత సిగ్గు. ఆ తరవాత ఏంటో నాకే తెలియలేదు, కుడుతూ కుడుతూ నవ్వొచ్చేది.

గురువారం బస్సుకి వస్తున్నాం. అత్తయ్య తన చాప తెస్తానంటోంది, మూట పడటానికి కావాలట.

ఒక్క మాట వినండి. బస్సు దగ్గరికి రాకండి. దారి అడుక్కుని మేమే వస్తాం. పొద్దున్నే పొగమంచు ఉంటుందన్నారు కదా. అత్తయ్యని ఆ చెక్క పలక దగ్గర కూర్చోబెట్టి, కిందినుంచి నా చొక్కాల మూట పైకి విసురుతాను. అది పడ్డ చప్పుడు వినిపించినా తొంగి చూడకండి, కిందికి పరుగెత్తుకు రాకండి. నన్ను ఎక్కనివ్వండి.

ఎక్కినంతసేపూ మీరు అక్కడే ఉన్నారనుకుంటూ వస్తాను. ఈసారి తల ఎత్తే వస్తాను.

మీ,
బొత్తాం