ఎవరికీ ఇవ్వకూడని రెండు నంబర్లు

కోడలు సునందకు పుణె నుంచి ఆశీస్సులు. నీ నడుము నొప్పి తగ్గిందా? మా అబ్బాయి వసంత్ దగ్గు ఎలా ఉంది? చిన్నవాడికి జ్వరం తిరగబెట్టలేదు కదా? నేను బాగానే ఉన్నాను గానీ కాలు ఒకచోట నిలవడం లేదు.

ఇక్కడ నా దగ్గరుండి చదువుకుంటున్న నీ కూతురు ముక్త కంప్యూటర్ క్లాసు పరీక్ష తప్పింది. కంగారుపడకు. మెషీన్లకు అరవై నాలుగేసి గుంపులుగా నంబర్లు పంచే లెక్కట. ప్రతి గుంపులో మొదటి నంబరు గుంపు పేరు, చివరిది అందరినీ ఒకేసారి పిలవడానికి. ఆ రెండూ ఏ మెషీనుకూ ఇవ్వకూడదట. ఇది చివరిది ఇచ్చేసింది. "ఇక అందరినీ పిలవడానికి మీ ఆజీ వస్తుందా?" అన్నాడట మాస్టారు. నానమ్మను కదా, ఆ మాట నాకు గుచ్చుకుంది. సోమవారం మళ్ళీ పరీక్ష. ఈసారీ తప్పితే పేరు తీసేస్తారట.

నిన్న పెసలు పళ్ళెంలో పోసి, అరవై నాలుగేసి గింజలతో నాలుగు వరసలు పేర్పించాను. ప్రతి వరసలో మొదటిదీ చివరిదీ తీయించాను.

"ఆజీ, పరీక్ష నువ్వే రాసిరా!" అని నవ్వింది.

"నవ్వకు, వరసకు ఎన్ని మిగిలాయి?"

"అరవై రెండు."

నాలుగు వరసలకూ తడబడకుండా చెప్పింది. అయినా నాకు గుండెదడే. కూరల్లోకి గోడా మసాలా పొడి అయిపోయింది, ఎవరైనా వస్తుంటే పంపు. నీళ్ళ తొట్టి కడిగించారా?

పాసైనా కాకపోయినా దాన్ని తీసుకుని వస్తాను. గుమ్మంలో ఫలితం అడగకు, ముందు వేడిగా భాక్రీ రొట్టె పెట్టు. పిల్లలకు దీవెనలు. వచ్చేది బుధవారం, ఇరవై మూడో తేదీ, పొద్దుటి బండికి.