మేష్టారికి ముందు తెలిసిన సంఖ్య

ఆదివారం రాత్రి

మా పద్మ కొత్త ప్రధాన సంఖ్యను కనిపెట్టింది! అచ్చు వేస్తే పుస్తకమంత అవుతుందట. ఎటునుంచి చదివినా ఒకేలా ఉంటుందట. నా బంగారు తల్లి! ఆనందంతో అన్నం కూడా సహించలేదు.

"ప్రధాన సంఖ్యంటే ఏటమ్మా?" అని ఫోన్లోనే అడిగాను.

"ఆ సంఖ్య ఎంతో సరిగ్గా అన్ని బెల్లం దిమ్మలిచ్చినా నువ్వు సమానంగా వరసలు పేర్చలేవు నాన్నా. ఒక్కటే పొడవాటి వరస పెట్టాలి" అంది.

జీవితమంతా బెల్లం మార్కెట్లో దిమ్మలు పేర్చినవాణ్ణి, ఇట్టే అర్థమైపోయింది. కానీ ఈ మాట నిన్ననే తన లెక్కల మేష్టారికి చెప్పిందట. కన్నది నేను, ముందు విన్నది ఆయన! కడుపు మండిపోతోంది. ఆయనకు ఒక్క దిమ్మ పేర్చడం వచ్చా?

ఆయనకే ముందెందుకు చెప్పావని ఉండబట్టలేక అడిగేశాను.

"ఆయన సరిసూడకుండా నీకెలా సెప్తాను? తప్పని తేలేలోపే ఊరంతా సాటేత్తావు కదా!" అని నవ్వింది.

నిజమే. అయినా మంట చల్లారలేదు.

పొద్దున్నే చెప్పాల్సినవాళ్లు: తుమ్మపాల బావ, కోటపాడు చెల్లి, రావికమతం పెదనాన్న కొడుకులు. ఆ తర్వాత మేష్టారు. ఆయనకు తెలిసినా సరే, కూర్చోబెట్టి మొదటినుంచీ నేనే చెబుతాను.