రెండో డబ్బా జోలికి ఎవరూ పోకూడదు

యాభై రెండేళ్ల వయసులో, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో నేను రాసుకుంటున్న వీలునామా ఇది. నాకు జబ్బేమీ లేదు. విసుగుంది. విసుగు వల్ల మతి చలించదని మా వీధి డాక్టరుగారు రాసిచ్చిన కాగితం జతచేశాను.

ఇందులో మొదటి డబ్బా అంటే అప్పులకు, రెండోది పిల్లల చదువుకు, మూడోది మా ముసలితనానికి. డబ్బులు దాచుకునే వంటింటి డబ్బాలు పోయి బ్యాంకు ఖాతాలు వచ్చినా మా ఇంట్లో ఆ పేర్లే నిలిచాయి.

1. నా సొంత ఆస్తి: మా అమ్మ ఇల్లు అమ్మగా నా వాటాకు వచ్చిన సొమ్ము, కుట్టుపని మీద నేను మిగిల్చింది. ఇవి నా పేరనే రెండో డబ్బాలో, మూడో డబ్బాలో ఉన్నాయి. మొదటి దాంట్లో ఏనాడూ ఏమీ మిగల్లేదు.

2. ఈ కాగితం ఎందుకు అవసరమైందో చెబుతాను. అబ్బాయి కాలేజీలో చేరే ఏడాది మా వారు, అప్పట్లో తన పేరున ఉన్న రెండో డబ్బా ఊడ్చేసి ఇంటి అప్పు ముందుగానే తీర్చేశారు. తక్కువ వడ్డీ అప్పు, బోలెడంత గడువుంది. మరిది వచ్చి, “అన్నయ్యా, ఇక నువ్వు రాజువి!” అన్నాడు. రాజుగారు మూడు నెలలు తిరక్కుండానే అబ్బాయి ఫీజు కోసం రెట్టింపు వడ్డీకి అప్పు చేశారు. ఫ్యాక్టరీలో అందరి జీతాల లెక్కా పైసా తేడా రాకుండా చూసే మనిషి! అడిగితే, “ఇంటి మీద అప్పుంటే నాకు నిద్ర పట్టదే” అన్నారు. అప్పటినుంచి నాకు పట్టడం లేదు.

3. అబ్బాయికి: ఆ ఫీజు అప్పులో సగం నేను తీర్చాను. మిగతా సగం వాడిదే. సణుగుతూనైనా నెలనెలా కడుతున్నాడు, కట్టనివ్వండి. వాడికి నా ప్రెషర్ కుక్కర్, దాని పిడి బిగించుకునే చిన్న స్క్రూడ్రైవరు. వండుకుంటే హోటలు ఖర్చు తగ్గుతుంది.

4. మా వారికి: మూడో డబ్బా అంతా. అయితే ఒక్కసారిగా కాదు, నెలకింతని మా చెల్లెలు ఇస్తుంది. ఈ వీలునామా అమలు బాధ్యత ఆమెదే. తను పనిచేసే మందుల షాపులో డాక్టరు చీటీ లేనిదే మాత్ర ఇవ్వదు కనుక ఆమెను ఎంచుకున్నాను. బావగారు బతిమాలినా, అలిగినా ముందస్తు ఇవ్వరాదు. మరిది అప్పుకు హామీ సంతకం పెడితే ఆ నెల సగమే. కిటికీ పక్క కుర్చీ కూడా ఆయనకే. కొన్నది నేను, కూర్చున్నది ఎప్పుడూ ఆయనే.

5. అమ్మాయికి: రెండో డబ్బా మొత్తం, కాలేజీ ఫీజుకు, హాస్టలుకు, పుస్తకాలకు. అన్న అప్పుకు గానీ, ఇంటి మరమ్మతుకు గానీ, నా ఆఖరి వైద్యం బాకీలకు గానీ అందులోంచి తీయరాదు. అది తానై ఇస్తానన్నా పుచ్చుకోరాదు. పోయిన ఆదివారం అది, “నాన్నా, నా డబ్బుతో అన్నయ్య అప్పు కట్టేయండి. నేను ఏదో ఉద్యోగం చూసుకుంటాలే” అంది. ఆయన “నా బంగారు తల్లీ” అని తల నిమిరారు. వద్దనలేదు. ఆ ఒక్క మాట వినబడుతుందేమోనని నేను కుళాయి కట్టేసి, చేతిలో గిన్నెతో నిలబడ్డాను. ఆయన టీవీలో వార్తలు పెట్టుకున్నారు.

6. నా కుట్టుమిషను కూడా అమ్మాయికే. చదువు మానేసి బతకడానికి కాదు, చదువుకుంటూ చిరిగినవి కుట్టుకోవడానికి.

దీని నకలు ఒకటి రేపు పొద్దున మా వారి కాఫీ కప్పు పక్కన పెడతాను. నేను పోయేదాకా ఆయన ఆగనక్కర్లేదు. “నీ చదువు డబ్బు నీదేనమ్మా, నేను ముట్టను” అని అమ్మాయి ఎదురుగా ఒక్కసారి అంటే చాలు, నాలుగో అంశంలోని నెలవారీ షరతు తీసేసి మూడో డబ్బా మొత్తం ఆయన చేతికే రాస్తాను. అందుకే ఆ షరతును పెన్సిలుతో రాశాను.

ఐదోది మాత్రం సిరాతోనే రాశాను.

తేదీ: జూన్ ఒకటి, జీతాలు పడిన రోజు
సంతకం: ఇంటావిడ
సాక్షులు: 1. పక్కింటి టైలరు
2. వీధి చివరి డాక్టరు (నా మతి స్థిమితానికి కూడా ఈయనే హామీ)