వాపు నూనె

ఆళ్లగడ్డ, మంగళవారం

ఇవాళ నంద్యాలలో నా హెచ్‌ఐవి మందులు తెచ్చుకుంటూ డాక్టరమ్మను అడిగేశాను. రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గినా లోపల సన్నగా వాపు ఉండిపోతుందట. నా అలసట దానివల్లే కావచ్చట. మందుల వరుసలో పరిచయమైన సుజాతక్క ఇచ్చిన సీసా ఇంట్లోనే వదిలి వెళ్లాను కానీ సంగతి చెప్పాను. గంజాయి మొక్క నుంచి తీసే సీబీడీ నూనె, మత్తు రాదంటారు.

"దాని మీద ఇంకా పరీక్షలు చేస్తాండారమ్మా. నీ మాత్రలతో పడకపోతే లివర్‌కు చేటు. తాగొద్దు" అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చేసరికి అమ్మ ఆ నూనే మోకాళ్లకు రుద్దుకుంటోంది! ఏం సీసా అని నిన్న అడిగితే "వాపుకు" అని నోరు జారింది నేనే.

"చల్లగా ఉంది పాపా. అయినా నీకు యాడుంది వాపు?" అంటూ నా కాళ్లు, చేతులు తడిమింది. "ఏం కనపడ్లేదే!"

నా జబ్బు సంగతి ఆమెకు తెలియదు. నవ్వి లోపలికొచ్చేశాను. అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. ఆ నూనె జిడ్డు నా మణికట్టు మీద ఇంకా ఉంది, కడుక్కోబుద్ధి కావడం లేదు. రేపు మళ్లీ అడుగుతుంది. వాపు యాడుందో చెప్తే, ఆ చేతులతోనే మళ్లీ ఇట్లా తడుముతుందా?